తడి ఆరనియ్యకు

ఒమాన్ దక్షిణాన, సలాలా వెనక కొండల్లో పనికి వెళ్లే మనవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. అక్కడ చినుకుల కాలంలో తడి మట్టిలో మైనంలాంటి లేత పసుపు గడ్డ కనిపిస్తే ముట్టకండి. దగ్గర్లో ఎల్లిగడ్డ వాసన, అదే వెల్లుల్లి వాసన, వస్తే అది మీ సద్దిడబ్బా వాసన అనుకోకండి. నేను అలాగే అనుకున్నాను. ఇంతవరకు చదివి పక్కన పెట్టేసినా నాకు బాధ లేదు, చెప్పాల్సింది చెప్పేశాను.

మిగతాది నా కోసం రాసుకుంటున్నది. నా పేరు నర్సయ్య, ఊరు జగిత్యాల దగ్గర. ఇప్పుడు మళ్లీ ఒమాన్‌లోనే, ఉత్తరాన రుస్తాఖ్‌లో సిమెంటు, పైపులు అమ్మే ఒక షాపులో కూర్చునే పని చేస్తున్నాను. కుడిచేతి వేళ్లు సరిగా వంగవు కాబట్టి రాత నత్తనడక నడుస్తుంది. మధ్యాహ్నం షాపు మూసేశాక, పక్కన ఒక గిన్నెలో నీళ్లు, ఒక గుడ్డ పెట్టుకుని కూర్చుంటాను. ఆ గుడ్డ ఎందుకో చదువుతుంటే మీకే తెలుస్తుంది.

డెబ్బై ఏడు, చినుకుల కాలం

ఒమాన్ అంటే ఎండ తప్ప ఇంకేమీ ఉండదనుకునేవాళ్లు సలాలా సంగతి చెబితే నమ్మరు. ఏటా కొన్ని నెలలు కొండల మీదికి పొగమంచు దిగి, సన్నటి తుంపర పడుతూనే ఉంటుంది. గుట్టలు పచ్చబడతాయి, ఉతికిన బట్టలు ఆరవు. ఆ కొండ మీదికి మా కంపెనీ రోడ్డు వేస్తోంది. అంతకు ముందు అక్కడ యుద్ధం జరిగింది. ఎవరు ఎవరితో ఎందుకు కొట్లాడారో మాకెవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. అయిపోయిందన్నారు, రోడ్డు వెయ్యమన్నారు, వేశాం.

క్యాంపులో నాకు ఇంటిమనిషి లాంటివాడు ఖాజా భాయ్. కరీంనగర్ మనిషి, మా మెస్‌లో వంటవాడు. నా కోసం రోజూ ఇంత ఎల్లిగడ్డ కారం నూరి రొట్టెల మీద పెట్టి ఇచ్చేవాడు. పనిలో వంగి లేస్తే చాలు, నా చేతుల నుంచి, చొక్కా నుంచి ఆ వాసనే. మలయాళీలు నా పక్కన కూర్చోవాలంటే ముక్కు మూసుకునేవారు. నేనైతే ఆ వాసన పీల్చి ఊరికి పోయి వచ్చినట్టు మురిసిపోయేవాణ్ణి.

ఆ నెలలోనే ఇంటి నుంచి కబురొచ్చింది. నా భార్య రాజవ్వకు బిడ్డ పుట్టింది. పెళ్లయిన చాలా ఏళ్లకు పుట్టిన బిడ్డ. పసిబిడ్డకు స్నానం చేయించాక నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఆ పొగలో తల ఆరబెట్టడం మీకు తెలిసిందే. మా దిక్కు దాన్ని ఊదు అంటాం. ఖాజా భాయ్ లోబాన్ అనేవాడు. "లోకంల అసలైన లోబాన్ ఈ గుట్టలల్లనే దొరుకుతది తమ్మీ, రాజులు కూడ ఈడికెళ్లే తెప్పించుకున్నరట," అని గొప్పగా చెప్పేవాడు. అతను రంజాన్ నెల మధ్యలో సెలవు మీద ఇంటికి పోతున్నాడు. అతనితో నా బిడ్డకు అసలైన ఊదు పంపాలని నాకు పట్టుదల పుట్టింది.

అతను బయలుదేరే రోజు పొద్దున, ఊట పక్కన నీళ్లు పోవడానికి కాలువ తవ్వుతున్నాం. నా పారకు ఏదో తుప్పు రేకు తగిలింది. దాని కింద, నీళ్లూరే బురదలో, లేత పసుపు గడ్డలు కనిపించాయి. చేతిలోకి తీసుకుంటే మైనంలా జారుతోంది. చెట్టు నుంచి కారిన బంక మట్టిలో కూరుకుపోయి ఉంటుందనుకున్నాను. ఎల్లిగడ్డ వాసన గుప్పుమంది. పొద్దున తిన్న రొట్టెలు గుర్తొచ్చి నవ్వుకున్నాను.

పెద్ద గడ్డను బురదతో సహా తడి గోనెగుడ్డలో చుట్టి, ఖాళీ పాలపొడి డబ్బాలో పెట్టాను. చిన్న ముక్కను ఆకులో చుట్టి చొక్కా జేబులో వేసుకున్నాను, రూమ్‌లో దేవుడి పటం ముందు వేద్దామని. మధ్యాహ్నం లారీ దగ్గరికి పరుగెత్తి డబ్బా ఖాజా భాయ్ చేతిలో పెట్టాను.

మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "ఎల్లిగడ్డ వాసనొస్తున్నది గదరా."

"అది నీ చేతుల వాసన, భాయ్."

తన వేళ్లు వాసన చూసుకుని నవ్వాడు. "నిజమేరా. ఈ ఎల్లిగడ్డ నాతోని కబ్రస్తాన్ దాకా వస్తది."

"గుడ్డ తడి ఆరనియ్యకు. పచ్చి ఊదు ఎండితే పలిగి పొడైతదట," అన్నాను. అలాగని నాకెవరు చెప్పారో ఎంత ఆలోచించినా గుర్తు రాదు. "ఫికర్ చెయ్యకు, నీ బిడ్డ తాన నా చేతులతోనే పెడ్త," అన్నాడు.

"తొవ్వల రోజా మాఫీ ఉంటది గద, నీళ్లన్నా తాగు," అన్నాను, అతని ఉపవాసం గుర్తొచ్చి.

"పొయ్యి కాడ నిలవడి వండుకుంటనే రోజా ఉన్నోన్ని, లారీల కూసొని పోతుంటె ఉండలేనా?" అన్నాడు. లారీ కొండెక్కి మంచులోకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం, మర్నాడు

డ్యూటీ దిగాక చలేసి, ఖాజా భాయ్ లేని వంటగదిలోకి వెళ్లి టీ కోసం స్టవ్ వెలిగించాను. ఒంటి మీది చొక్కా అక్కడే ఆరుతుందని స్టవ్‌కు ఆనుకుని నిలబడ్డాను. ముందు గుండె దగ్గర వెచ్చగా అనిపించింది. తర్వాత జేబులో నుంచి తెల్లటి పొగ లేచింది. చెయ్యి పెట్టి లాగబోయాను, అది చేతికి అంటుకుంది. ఆ మంట ఎలాంటిదో నేను రాయను. మా రూమ్ వాళ్లు బిందె నీళ్లు గుమ్మరిస్తే ఆగింది. అమ్మయ్య అనుకున్నాం. జీపులో ఆసుపత్రికి తీసుకుపోతుంటే, గుడ్డ కాస్త ఆరగానే నా రొమ్ము మీద మళ్లీ అంటుకుంది. అప్పుడు నాకు పట్టిన భయం ఈ రోజుకీ పూర్తిగా పోలేదు. కాలుతున్నది చొక్కా కాదు, నేనే.

ఆసుపత్రిలో ఒళ్లంతా తడి గుడ్డలు కప్పారు. పొగ మింగినందువల్ల గొంతు పూడుకుపోయింది. డాక్టరు ఏదో అంటే, మలయాళీ సిస్టర్ తనకు వచ్చిన హిందీలో నాకు చెప్పింది. "యే లడాయీ కా చీజ్ హై భాయి. ఫాస్ఫరస్. సూఖేగా తో జలేగా."

యుద్ధంలో వాడిన భాస్వరం, ఆరితే అంటుకుంటుంది. ఆ మాట అర్థమయ్యాక నా నొప్పి నాకు తెలియలేదు. పాలపొడి డబ్బా ఒక్కటే కళ్ల ముందు నిలిచింది. ఆ డబ్బా మా ఇంటికి చేరుతుంది. రాజవ్వ బిడ్డకు తలంటి, నిప్పులు తెచ్చి, నేను పంపిన ఊదు వేస్తుంది. బిడ్డ తల ఆ పొగలో పెడుతుంది.

సిస్టర్‌ను ఆపి చెప్పబోయాను. గొంతులో నుంచి గాలే వచ్చింది. చేతికి కట్టు, రాయడానికి లేదు. పెదాలతో "లోబాన్, డబ్బా" అన్నాను. ఆమె నా నుదురు తుడిచి, "పడుకో, దేవుడికి మొక్కుకుందువు గాని," అన్నట్టు ఏదో అని పోయింది.

పక్క మంచం మీద సయీద్ అని ఒక కొండ ముసలాయన ఉన్నాడు. ఆవులు కాసుకునే మనిషి. పాత కాలిన పుండు కాలికి మళ్లీ తిరగబెట్టిందని వచ్చాడు. నా కట్టు అంచున సన్నటి పొగ లేవడం సిస్టర్ కన్నా ముందు ఆయనే చూశాడు. కుంటుకుంటూ వచ్చి తన తాగేనీళ్లు నా మీద పోసి, "దుఖాన్, దుఖాన్," అన్నాడు. నాకు తెలిసిన దుకాన్ ఒకటే, షాపు. ఏ షాపులో కొన్నావు అని అడుగుతున్నాడనుకుని, కాదు కాదు అని తల ఊపాను. ఆయన చేతులు ఎత్తి గాలిలోకి పొగ పోతున్నట్టు చూపించాడు. అరబ్బీలో దుఖాన్ అంటే పొగట. ఆయన చేతుల మీద కూడా ఇప్పుడు నా చేతి మీదున్నవాటిలాంటి మచ్చలే ఉన్నాయి, మానిపోయినవి.

తర్వాత సిస్టర్ ద్వారా తెలిసింది. యుద్ధం ఆగాక ఒక రోజు ఆయన భార్య కట్టెలకు వెళ్లి ఇలాంటి ముక్కనే తొక్కింది. ఆమెను లాగబోయి ఆయన చేతులు, కాలు కాలాయి. ఆమె బతకలేదు. ఆ ముక్క ఎవరిదో, ఎవరు పేల్చిందో ఆయనకూ తెలియదు. ఆమె ఏ పక్షమూ కాదు, ఆమెకు నాలుగు ఆవులుండేవి.

మర్నాడు పొద్దున, ఈ ముసలాయనకైనా చెబుదామని, "లుబాన్," అని పెదాలు కదిపాను. అక్కడివాళ్లు లోబాన్‌ను అలాగే అంటారు. ఆయన ముఖం వికసించింది. మధ్యాహ్నానికి ఆయన కోడలు ఒక గ్లాసు తెచ్చింది. నీళ్లలో తెల్లటి పలుకులు నానుతున్నాయి. గొంతుకు, కడుపుకు మంచిదని వాళ్లు లుబాన్ నానబెట్టిన నీళ్లు తాగుతారట. నేను అడిగింది అదేననుకున్నాడు. ఆ ఉపవాసపు మనిషి నా తల ఎత్తిపట్టి గుటక గుటకగా తాగించాడు. నిమ్మతొక్క, చెట్టుబెరడు కలిసినట్టున్న చల్లటి వాసన. ఎల్లిగడ్డ వాసన ఎక్కడా లేదు. అసలైన ఊదు నా ముక్కుకు తగలడం అదే మొదటిసారి. ఏడుపు వచ్చింది, నొప్పికి అనుకుని ముసలాయన నా పాదాలు నిమిరాడు.

ఆ నీళ్ల చలవో, టైం వచ్చిందో, సాయంత్రానికి గొంతు కాస్త పెగిలింది. ఫోర్‌మన్ చూడటానికి వచ్చాడు. చెవి నా నోటి దగ్గర పెట్టమని సైగ చేసి చెప్పాను. "ఖాజా భాయ్ తాన డబ్బ ఉన్నది. గిసొంటిదే. పారెయ్యమను." ఆయన ముఖం పాలిపోయింది. లారీ పైన ఎడారి అంచున రిపేరుకు ఆగిపోయిందని, ఇంకా దూరం పోలేదని, వైర్‌లెస్‌లో చెప్పిస్తానని పరుగెత్తాడు. అదే సమయానికి మసీదు నుంచి బాంగు వినిపించింది. వార్డులో ఉపవాసం ఉన్నవాళ్లందరికీ ఖర్జూరాలు, నీళ్లు పంచారు. సయీద్ ముసలాయన ముందు నాకొక ఖర్జూరం పెట్టి, తర్వాత తను తిన్నాడు.

ఖాజా భాయ్ వచ్చిన తర్వాత

కబురు అందేలోపే అయిపోయింది. ఖాజా భాయ్‌ను కంపెనీ బండిలో తెచ్చారు. నేను మంచం దిగలేను. తలుపు దగ్గర ఫోర్‌మన్, లారీ నడిపిన పఠాన్ డ్రైవరు బెంచీ మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఎవరూ నా వైపు చూడటం లేదు. తెల్లకోటు కనిపించినప్పుడల్లా ఇద్దరూ లేచి నిలబడేవారు, అది వెళ్లిపోగానే మళ్లీ కూర్చునేవారు. నాకు తెలిసినదల్లా, లోపల ఉన్నవాడు చావకూడదు అన్నది ఒక్కటే.

బతికే ఉన్నాడు. ఒడి, చేతులు, గడ్డం కింద కాలింది. అతన్ని నా అవతలి పక్క మంచం మీద పడుకోబెట్టారు. కళ్లు తెరిచి నన్ను చూశాడు.

"తప్పయింది తమ్మీ. నీ బిడ్డ ఊదు కాలిపోయింది."

జరిగింది అతనే మెల్లగా చెప్పాడు. లారీ ఎండలో ఆగిపోయింది. ఉన్న నీళ్లన్నీ రేడియేటరు తాగేసింది. అతని సీసాలో నీళ్లు మాత్రం మిగిలాయి. రోజా కాబట్టి ఎంత దాహమేసినా అతను పగలంతా తాగలేదు, గుడ్డ ఆరినప్పుడల్లా ఒళ్లో పెట్టుకున్న డబ్బాలో పోస్తూ వచ్చాడు. పొద్దుగూకే సరికి సీసాలో ఒక్క గుటక మిగిలింది.

"దాంతోనే రోజా ఇడిసిన. దూప ఆపలేకపోయిన. ఆ గుటక గుడ్డకు పోస్తే ఊదు మిగులుతుండె."

అప్పుడు చెప్పాను. అది ఊదు కాదని, యుద్ధంలో వాడిన మందని, ఆరితే మండేదని, నీళ్లు పోసినంత సేపే చల్లగా ఉంటుందని. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టాలనీ కోరుకున్నాను. అతను పైకప్పు వైపు చూస్తూ లెక్క కట్టుకున్నాడు.

"అంటే, తడి ఆరకపోతే ఇంటి దాకా పోతుండె."

"పోతుండె."

"పిల్ల తాన దాకా పోతుండె."

"అవును, భాయ్."

"అయితే ఆ గుటక తాగిందే మంచిగైంది," అన్నాడు. నిజంగా తేలికపడినట్టు కళ్లు మూసుకుని నిద్రపోయాడు.

తర్వాత కొన్ని మంచి రోజులు వచ్చాయి. ఇది ముఖ్యంగా చెప్పాలి, ఎందుకంటే ఆ మంచి రోజులే మమ్మల్ని మోసం చేశాయి. మంట తగ్గింది. ఖాజా భాయ్ ఆసుపత్రి వంటకు వంకలు పెట్టడం మొదలుపెట్టాడు. "గీ పప్పుల ఉప్పు లేదు, పోపు లేదు, దీనికంటె కాలుడే నయం," అనేవాడు. సయీద్ ముసలాయన మాకు ఆవుపాలు తెప్పించేవాడు. పండుగకు ముగ్గురం బిర్యానీ తినాలని ఖాజా భాయ్ ఆయనకు ఉర్దూలో చెబితే, ఆయన కొండ భాషలో సరేననేవాడు. ఎవరి మాట ఎవరికీ తెలియకపోయినా బిర్యానీ అన్న మాట ముగ్గురికీ అర్థమయ్యేది.

ఒక పొద్దున ఖాజా భాయ్ కళ్లు పసుపుగా కనిపించాయి. నా కళ్లూ అంతేనని అతను అన్నాడు. మా దిక్కు కామెర్లకు పసరు పోస్తారు కదా, ఊరికి పోయి పోయించుకుందాం అనుకున్నాం. నేను వాంతులతో సొమ్మసిల్లి పడి ఉండేవాణ్ణి. అతనికి మాటలు తడబడ్డాయి. నన్ను పట్టుకుని వాళ్ల అన్న పేరుతో పిలిచాడు. పొయ్యి మీద అన్నం అడుగంటుతోంది, దించమన్నాడు. దించాను భాయ్, అన్నాను. పండుగ ఇంకా రాకముందే పోయాడు. కొండవాళ్లు, పఠాన్‌లు, మా క్యాంపులో నమాజు చదివేవాళ్లు అందరూ కలిసి అక్కడే మట్టి చేశారు. సయీద్ ముసలాయన పుండు కాలితో వెళ్లి వచ్చాడు. నన్ను ఎవరూ లేవనివ్వలేదు.

ఆ మందు విషం కాలిన చోటి నుంచి ఒంట్లోకి దిగి లివర్‌ను తినేస్తుందట. నేనెందుకు మిగిలానో డాక్టరుకూ తెలియదు. నాది చిన్న ముక్క అన్నాడు, అంతే.

డెబ్బై ఎనిమిది, ఇల్లు

ఇంటికి చేరాక కొత్త కష్టాలు. నా పుండు వాసనకు మా అమ్మ బిడ్డను నా దగ్గరికి రానిచ్చేది కాదు. "పసిదానికి గాలి సోకుతది," అనేది. రాజవ్వ ముందు ఊరుకుంది. ఒక రోజు బిడ్డను తెచ్చి నా ఎడమ చేతిలో పెట్టి, "దీని అయ్య గాలి దీనికి సోకకుంటె ఎవలది సోకాలె?" అని వెళ్లి అన్నం వడ్డించింది.

మచ్చ మీద చర్మం ఆరి బిగుసుకుంటే చాలు, నాకు పొగ లేస్తున్నట్టు ఉండేది. నేను తడిగుడ్డ వేసుకుని పడుకునేవాణ్ణి. పిచ్చి పట్టిందన్నారు కొందరు. రాజవ్వ మాత్రం గిన్నెలో నీళ్లు మార్చేది. ఒకసారి అమ్మ బిడ్డకు తలంటి, నిప్పుల మీద ఊదు వేసింది, కొట్టులో కొన్న మామూలు ఊదు. నేను వెళ్లి బిందెడు నీళ్లు నిప్పుల మీద కుమ్మరించాను. బిడ్డ ఝడుసుకుని ఏడ్చింది. ఆ తర్వాత మా ఇంట్లో బిడ్డ తల ఎండలోనే ఆరబెట్టారు. ఇలాంటి జబ్బు చేసినవాళ్లు ఇంట్లో ఉంటే వాళ్ల భయాన్ని వెక్కిరించకండి. అది తగ్గుతుంది, కాని తన టైం తను తీసుకుంటుంది.

ఖాజా భాయ్ ఇంటికి వెళ్లడం మాత్రం వాయిదా వేస్తూ వచ్చాను. ఏ ముఖంతో పోవాలి? చివరికి రాజవ్వే బిడ్డను చంకనేసుకుని బయలుదేరింది, నేను వెనక నడిచాను.

కరీంనగర్‌లో సన్న గల్లీలో చిన్న ఇల్లు. ఖాజా భాయ్ భార్య మమ్మల్ని చాప మీద కూర్చోబెట్టింది. కంపెనీ వాళ్లు ఏదో అగ్గి ప్రమాదం అని చెప్పారట, అంతకు మించి ఆమెకు తెలియదు. మొత్తం చెప్పాను. గడ్డ తవ్వింది నేనని, డబ్బా ఇచ్చింది నేనని, తడి ఆరనియ్యకు అన్నది నేనని చెప్పాను. అన్నిటికీ జవాబులు సిద్ధం చేసుకుని వెళ్లాను. ఎందుకిచ్చావు అంటే ఇది, చూసుకోవద్దా అంటే ఇది. ఆమె అవేవీ అడగలేదు.

"ఆయన ఆ దినం రోజా ఇడిసిండా, భయ్యా? దూపతోని లేడు గద?"

"ఇడిసిండు భాభీ. ఒక్క గుటక నీళ్లున్నయి. తాగిండు. అవి తాగకుండ డబ్బల పోస్తే, ఆ డబ్బ మా ఇంటికొస్తుండె. ఆ గుటకతోని ఇది మిగిలింది." బిడ్డను చూపించాను.

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత లేచి, కుండలో నీళ్లు ముంచి, గ్లాసు తెచ్చి బిడ్డ ముందు కూర్చుంది. బిడ్డకు అప్పుడే గ్లాసు పట్టుకోవడం వస్తోంది. రెండు చేతులా పట్టుకుని, మెడ మీద పోసుకుంటూ తాగింది. ఆమె తన కొంగుతో ఆ మెడ తుడవబోయి, నా వైపు, నా చేతికి చుట్టుకున్న తడిగుడ్డ వైపు చూసి ఆగిపోయింది. తడి అలాగే ఉండనిచ్చింది.